ఓటీపీ వచ్చింది, వాట్సాప్ రాలేదు: ఒకే ఫోన్‌కు రెండు దారులు

మీరు అడిగినదాన్ని ముందు ఒకసారి నా మాటల్లో చెప్పుకుంటాను. పాలకొల్లు దగ్గర ఊళ్లో ఉన్న మీ అమ్మగారి ఫోన్‌లో డేటా అయిపోయింది. అయినా గ్యాస్ సిలిండర్ ఓటీపీ వచ్చింది. మీరు పంపిన వాట్సాప్ ఫోటోలు మాత్రం ఒక్క టిక్కు దగ్గరే ఆగిపోయాయి. సరేనని తెలుగులో నాలుగు లైన్ల మామూలు మెసేజ్ పంపితే మీ ప్యాక్‌లో మూడు ఎస్సెమ్మెస్‌లు కట్ అయ్యాయి. షాపులో అడిగితే సర్వర్, వోల్టీ, ఆర్‌సీఎస్, హెడర్ అని నాలుగు మాటలు చెప్పి పంపేశారు. ఆ మాటలకు అర్థమేమిటి, మూడు ఎందుకు కట్ అయ్యాయి, అమ్మగారి ఫోన్‌లో ఏం సరిచేయాలి అన్నది మీ ప్రశ్న.

నేను బల్క్ ఎస్సెమ్మెస్ పనిలో పద్నాలుగేళ్లు ఉన్నాను. స్కూళ్లు, చిట్‌ఫండ్‌లు, ఆసుపత్రులు వేలమందికి ఒకేసారి పంపే మెసేజ్‌లు మా చేతుల మీదుగానే వెళ్లేవి. ఆ అనుభవంతో చెప్తున్నాను, ఈ మాటలన్నీ బట్టీ పట్టక్కర్లేదు. ఫోన్‌లోకి వచ్చే ప్రతిదాన్నీ ఒక్క ప్రశ్న అడగండి: ఇది నెట్‌వర్క్ సొంత దారిలో వచ్చిందా, ఇంటర్నెట్ దారిలో వచ్చిందా? ఆ రెండు దారులూ విడివిడిగా కనిపిస్తే మిగతా మాటలు వాటంతటవే సర్దుకుంటాయి.

ముందు నెట్‌వర్క్ దారి. మీరు ముట్టుకోకపోయినా ఫోన్ టవర్‌తో మాట్లాడుతూనే ఉంటుంది. ఇక్కడ ఉన్నాను, ఫలానా సిమ్ నాలో ఉంది అని చెప్తూ ఉంటుంది. కాల్ వచ్చినప్పుడు రింగ్ కొట్టమని టవర్ చెప్పేది కూడా ఆ సన్నని దారిలోనే. దాన్ని సిగ్నలింగ్ అంటారు. యూరప్‌లో జీఎస్ఎం ఫోన్ల వ్యవస్థను తయారు చేస్తున్న 1980లలో ఈ దారి ఎక్కువసేపు ఖాళీగానే ఉంటుందని ఇంజనీర్లు గమనించారు. తెల్లవారుజామున మొదటి బస్సు ఎలాగూ ఊరికి వెళ్తుంది కదా, అందులోనే పేపరు కట్ట వేసి పంపుతారు చూడండి, అలాగే ఈ ఖాళీలో చిన్న చిన్న రాతలు పంపొచ్చు అనుకున్నారు. ఎస్సెమ్మెస్ అలా పుట్టింది. అందుకే డేటా అయిపోయినా, నెట్ ఆఫ్ చేసినా, సిగ్నల్ ఒక్క గీతే ఉన్నా ఓటీపీ వచ్చేస్తుంది. అది ఇంటర్నెట్ ముఖమే చూడదు.

కానీ ఎలాగూ వెళ్లే బస్సులో వేసే కట్ట చిన్నదిగానే ఉండాలి. ఒక్క మెసేజ్‌కు దొరికిన చోటు 140 బైట్లు. బిట్ అంటే కంప్యూటర్ రాతలో ఒక్క 0 గానీ 1 గానీ. బైటు అంటే 8 బిట్లు, కాబట్టి మొత్తం 1120 బిట్లు. ఇంగ్లిషు అక్షరాలకు, అంకెలకు ఒక్కోదానికి 7 బిట్లు చాలు. 1120ని 7తో భాగిస్తే 160. మనందరికీ తెలిసిన 160 అక్షరాల హద్దు ఇదే. జర్మనీ ఇంజనీరు ఫ్రీడ్‌హెల్మ్ హిల్లెబ్రాండ్ 1985 ప్రాంతంలో బాన్‌లోని తన ఇంట్లో టైప్‌రైటర్ ముందు కూర్చుని, మామూలుగా మనుషులు రాసే వాక్యాలు కొట్టి లెక్కపెట్టి, 160 సరిపోతుందని తేల్చుకున్నారు. 1992 డిసెంబర్ 3న ఇంగ్లండ్‌లో నీల్ పాప్‌వర్త్ అనే ఇంజనీరు కంప్యూటర్ నుంచి వోడాఫోన్‌లోని రిచర్డ్ జార్విస్ ఫోన్‌కు ‘మెరీ క్రిస్మస్’ అని పంపారు. మొదటి ఎస్సెమ్మెస్ అదే.

ఆ టైప్‌రైటర్ మీద తెలుగు లేదు. మీ మూడు మెసేజ్‌ల కథ అక్కడే మొదలైంది.

7 బిట్లతో 128 గుర్తులే చేయగలం. అందులో ఇంగ్లిషు, యూరప్ భాషల అక్షరాలు కొన్ని, గ్రీకు అక్షరాలు కొన్ని పట్టాయి. తెలుగుకు చోటు లేదు. అందుకని తెలుగు మెసేజ్ యూనికోడ్‌లో వెళ్తుంది. యూనికోడ్ అంటే ప్రపంచంలోని లిపులన్నిటికీ ఒక్కో గుర్తుకు ఒక్కో నంబరు ఇచ్చిన పెద్ద పట్టిక. ఎస్సెమ్మెస్‌లో దాన్ని వాడితే ఒక్కో గుర్తుకు 16 బిట్లు పడుతుంది. 1120ని 16తో భాగిస్తే 70. అంటే తెలుగులో రాయగానే మీ 160 కాస్తా 70 అయిపోయింది.

పైగా ఆ 70 మన అక్షరాలు కావు, యూనికోడ్ గుర్తులు. ఇక్కడే చాలామంది లెక్క తప్పుతారు. ఈ చిన్న వాక్యం చూడండి:

అమ్మా, నేను క్షేమంగా చేరాను.

కంటితో చదివితే అ, మ్మా, నే, ను, క్షే, మం, గా, చే, రా, ను. పది అక్షరాలు. కామా, చుక్క, మూడు ఖాళీలు కలిపితే పదిహేను. ఫోన్ లెక్క వేరు. దానికి ‘మ్మా’ అంటే మ, పొల్లు, మళ్లీ మ, దీర్ఘం, మొత్తం నాలుగు. ‘క్షే’ అంటే క, పొల్లు, ష, ఏత్వం, అదీ నాలుగే. అలా కలుపుకుంటూ పోతే ఆ చిన్న వాక్యం 28 గుర్తులు. ‘లక్ష్మి’ అని రెండక్షరాల పేరు రాస్తే ఏడు. ఒత్తులు, గుణింతాలు ఎక్కువగా ఉన్న మన భాషలో 70 గుర్తులంటే నిజానికి రెండు చిన్న వాక్యాలు.

70 దాటితే మెసేజ్ ముక్కలవుతుంది. ముక్కలన్నీ అవతలి ఫోన్‌లో మళ్లీ ఒకటిగా అతకాలి కాబట్టి, ఇది మూడింట్లో రెండోది అని చెప్పే చిన్న చీటీ ఒక్కో ముక్కలో పెడతారు. దానికి కొంత చోటు పోతుంది. అందుకే ముక్కకు 70 కాదు, 67 గుర్తులే పడతాయి. ఇంగ్లిషులోనైతే 160 కాస్తా 153 అవుతుంది. మీ నాలుగు లైన్ల మెసేజ్ 134 గుర్తులు దాటి ఉంటుంది, అందుకే మూడు కట్ అయ్యాయి. మిమ్మల్ని ఎవరూ మోసం చేయలేదు. రోజుకు 100 ఎస్సెమ్మెస్‌ల ప్యాక్ అంటే ఆ 100 ముక్కలే అని గుర్తుంచుకోండి.

ఇంకో సంగతి. మెసేజ్ అంతా ఇంగ్లిషులో రాసి ఒక్క తెలుగు అక్షరమో, ఒక్క ఎమోజీనో, వంపు తిరిగిన కొటేషన్ గుర్తో పెట్టారనుకోండి, మొత్తం మెసేజ్ 70 లెక్కలోకి మారిపోతుంది. 2010లో వచ్చిన మన రూపాయి గుర్తు కూడా ఆ పాత పట్టికలో లేదు. అది ఒక్కటి పెడితే చాలు, బిల్లు రెట్టింపయ్యే అవకాశం ఉంది. బ్యాంకు మెసేజ్‌లలో ఆ గుర్తు పెట్టకుండా ఇంగ్లిషు అక్షరాల్లోనే రూపాయలని రాయడం వెనక ఉన్న లెక్క ఇది.

2015 ప్రాంతంలో ఒక ప్రైవేటు స్కూలు మా దగ్గరికి వచ్చింది. 1200 మంది తల్లిదండ్రులకు మరుసటి రోజు సెలవు అని చెప్పాలి. తెలుగులో రాసిచ్చారు. స్క్రీన్ మీద పెడితే 71 చూపించింది. ఒక్క గుర్తు ఎక్కువైనందుకు 1200 మెసేజ్‌లు 2400 అవుతాయి. వాక్యం చివర చుక్క తీసేశాను, 70 అయింది. ఆ పూట సంతోషపడ్డాను. కానీ తర్వాత నెలల్లో అదే స్కూలు ఖర్చు తగ్గించుకోవడానికి తెలుగునే ఇంగ్లిషు అక్షరాల్లో రాసి పంపడం మొదలుపెట్టింది. ఒక రోజు ఒక నాయనమ్మ మనవడి చెయ్యి పట్టుకుని మూసి ఉన్న గేటు దాకా వచ్చేసిందట. ఆవిడకు తెలుగు చదవడం బాగా వచ్చు. ఆ మెసేజే చదవడం రాలేదు. ఆ మాట విన్న రోజు నుంచి, నా దగ్గరికి వచ్చిన ప్రతివాళ్లకూ ఖర్చు రెట్టింపైనా సరే తెలుగు లిపిలోనే పంపమని చెప్పేవాణ్ని. తెలుగుతో సహా మన భాషలకు 7 బిట్లలో సరిపోయే ప్రత్యేక పట్టికలు మొబైల్ ప్రమాణాల్లో ఉన్నాయి. పంపే వైపు, అందుకునే ఫోన్ రెండూ వాటిని అర్థం చేసుకుంటేనే అవి పనిచేస్తాయి. నేను ఆ పనిలో ఉన్నన్నాళ్లూ వాటితో ఒక్క మెసేజ్ కూడా పంపలేకపోయాను. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

ఇప్పుడు మెసేజ్ ఎక్కడ ఆగుతుందో చూద్దాం. మీరు పంపిన ఎస్సెమ్మెస్ నేరుగా అమ్మగారి ఫోన్‌కు వెళ్లదు. మీ సిమ్ కంపెనీ దగ్గర ఎస్సెమ్మెస్ సెంటర్ ఉంటుంది, ముందు అక్కడికి చేరుతుంది. ఊరి పోస్టాఫీసు అనుకోండి. అమ్మగారి ఫోన్ స్విచాఫ్ అయి ఉంటే అక్కడే కాచుకుని ఉంటుంది. ఫోన్ మళ్లీ టవర్‌కు తగలగానే దిగుతుంది. మరీ రోజుల తరబడి ఆన్ కాకపోతే గడువు తీరి పోతుంది. మీ ఫోన్‌లో ‘సెంట్’ అని కనిపిస్తే సెంటర్ దాకా చేరిందని మాత్రమే అర్థం. అమ్మగారికి అందిందో లేదో తెలియాలంటే మెసేజ్ సెట్టింగ్స్‌లో డెలివరీ రిపోర్ట్ ఆన్ చేసుకోవాలి.

ఇక రెండో దారి, ఇంటర్నెట్. వాట్సాప్, టెలిగ్రామ్, ఈమెయిల్, వీడియో కాల్ అన్నీ ఇటే వస్తాయి. ఇక్కడి పోస్టాఫీసు పేరు సర్వర్. అది మీ సిమ్ కంపెనీది కాదు, ఆ యాప్ కంపెనీది. సిమ్ కంపెనీ రోడ్డు మాత్రమే ఇస్తుంది, ఆ రోడ్డుకే డేటా ప్యాక్ కడుతున్నాం. ఒక్క బూడిదరంగు టిక్కు అంటే మెసేజ్ సర్వర్‌కు చేరింది, అమ్మగారి ఫోన్‌కు చేరలేదు. రెండు బూడిదరంగు టిక్కులంటే ఫోన్‌లో దిగింది. నీలం అంటే తెరిచి చూశారు. ఒక్క టిక్కు చూసి అమ్మ పట్టించుకోవట్లేదని బాధపడకండి, చాలాసార్లు ఆవిడ ఫోన్‌కు నెట్ లేదని అర్థం. అందని మెసేజ్‌ను వాట్సాప్ 30 రోజుల వరకు సర్వర్‌లో దాస్తుంది.

ఈ దారిలో 70, 160 అనే గొడవ లేదు. మనం పైన లెక్కపెట్టిన వాక్యం ఇంటర్నెట్‌లో వాడే పద్ధతిలో 74 బైట్లు అవుతుంది. ఒక మామూలు ఫోటో లక్షల బైట్లు. కాబట్టి తెలుగు రాస్తే డేటా ఎక్కువ ఖర్చవుతుందనే భయం అక్కర్లేదు. డేటాను తినేది ఫోటోలు, వీడియోలే. ప్యాక్‌ను జీబీల్లో, అంటే బైట్లలో లెక్కిస్తారు, స్పీడును మాత్రం బిట్లలో చెప్తారు. 40 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 40 ఎంబీ కాదు, 8తో భాగించాలి, 5 ఎంబీయే.

వాట్సాప్‌లో ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ అని పసుపు రంగులో కనిపించే మాట ఏమిటని కూడా అడిగారు. 2016 ఏప్రిల్ నుంచి అది అందరికీ ఉంది. మీ ఫోన్ తాళం వేసి పంపుతుంది, ఆ తాళంచెవి అమ్మగారి ఫోన్‌లోనే ఉంటుంది. మధ్యలో సర్వర్ మోస్తుంది గానీ చదవలేదు. ఎస్సెమ్మెస్‌కు అలాంటి తాళం లేదు, సెంటర్ దగ్గర అది చదవగలిగే రూపంలోనే ఉంటుంది. అయితే తాళం ఉన్నంత మాత్రాన అవతల ఉన్నది మనవాళ్లే అని హామీ కాదు. దొంగ పంపిన మెసేజ్‌కు కూడా అంతే గట్టి తాళం ఉంటుంది.

వోల్టీ అన్న మాట చాలామందిని తికమకపెడుతుంది. 4జీలో మామూలు కాల్ కూడా లోపల డేటా రూపంలోనే వెళ్తుంది, దాన్నే వోల్టీ అంటారు. కానీ అది కంపెనీ తన లోపల వేసుకున్న విడి దారి. మీ డేటా ప్యాక్‌లోంచి తగ్గదు, మొబైల్ డేటా ఆపేసినా కాల్ వస్తుంది, ఎస్సెమ్మెస్ వస్తుంది. వాట్సాప్ కాల్ అలా కాదు, అది పూర్తిగా ఇంటర్నెట్ దారి. వైఫై కాలింగ్ అనే సెట్టింగ్ ఇంకో రకం. ఇంట్లో సిగ్నల్ అందకపోతే కంపెనీ కాల్‌నే ఇంటి వైఫై మీదుగా తెప్పిస్తుంది. మందపాటి గోడల పాత పెంకుటింట్లో ఉండి వైఫై ఉన్నవాళ్లకు అది చాలా మేలు.

ఆర్‌సీఎస్ అంటే వాట్సాప్ లాంటి సౌకర్యాలున్న కొత్త రకం మెసేజ్. అది మరీ తికమక, ఎందుకంటే అది కనిపించేది ఎస్సెమ్మెస్ డబ్బాలో, వచ్చేది ఇంటర్నెట్ దారిలో. ఆండ్రాయిడ్‌లోని గూగుల్ మెసేజెస్ యాప్‌లో చాలాకాలంగా ఉంది, 2024లో ఐఫోన్లలోకీ వచ్చింది. అవతలివారికి కూడా ఉంటే ఫోటోలు, టైప్ చేస్తున్నట్టు చుక్కలు, చదివిన గుర్తులు అన్నీ వస్తాయి. నెట్ లేకపోతే మామూలు ఎస్సెమ్మెస్‌గా మారి వెళ్తుంది, అప్పుడు మళ్లీ 70 లెక్క, మళ్లీ కటింగ్. రాసే పెట్టెలో ఏ రకంగా వెళ్తుందో సన్నగా రాసి ఉంటుంది, పంపేముందు చూడండి. ఫోటోలు పంపే పాత పద్ధతి ఎమ్మెమ్మెస్ సంగతి వదిలేయండి, మన దగ్గర ఇప్పుడు దాన్ని వాడేవాళ్లు దాదాపు లేరు.

స్టార్, హాష్ కొట్టి బ్యాలెన్స్ చూసుకునే పద్ధతి యూఎస్ఎస్‌డీ. అదీ నెట్‌వర్క్ దారే, కానీ ఎక్కడా దాచదు. కాల్‌లాగా అప్పటికప్పుడు ప్రశ్న, జవాబు, అంతే. బటన్ల ఫోన్‌లో *99# కొట్టి బ్యాంకు బ్యాలెన్స్ చూడటం, డబ్బు పంపడం ఇలాగే జరుగుతుంది. ఎవరైనా ఫోన్ చేసి స్టార్‌తో మొదలయ్యే కోడ్ కొట్టమంటే మాత్రం కొట్టకండి. అలాంటి కోడ్‌లతో కాల్స్‌ను తమ నంబరుకు మళ్లించుకుని దొంగలు ఎంతోమందిని ముంచారు. చివరికి 2024 ఏప్రిల్‌లో టెలికాం శాఖ ఆ కోడ్‌లతో కాల్ ఫార్వర్డింగ్‌ను ఆపమని కంపెనీలను ఆదేశించింది.

హెడర్ విషయం కాస్త నిదానంగా చదవండి, అమ్మగారికి ఇదే ఎక్కువ అవసరం. బ్యాంకు, గ్యాస్ ఏజెన్సీ, ప్రభుత్వ శాఖ పంపే మెసేజ్ పది అంకెల నంబరు నుంచి రాదు. అక్షరాల పేరుతో వస్తుంది. అదే హెడర్. మొదటి రెండు అక్షరాలు అది ఏ కంపెనీ నెట్‌వర్క్‌లో, ఏ సర్కిల్‌లో, అంటే ఏ టెలికాం ప్రాంతంలో ఎక్కిందో చెప్తాయి. తర్వాత గీత, పంపిన సంస్థ పేరు, మళ్లీ గీత, చివర ఒక అక్షరం. ఆ చివరి అక్షరం 2025 నుంచి కొత్తగా వచ్చింది. పీ అయితే ప్రచారం, ఎస్ అయితే సర్వీసు, టీ అయితే లావాదేవీ, జీ అయితే ప్రభుత్వం. ఈ పేర్లన్నీ ముందే టెలికాం కంపెనీల దగ్గర రిజిస్టర్ చేయించాలి, పంపే వాక్యం నమూనాతో సహా. ఆ రిజిస్ట్రేషన్ పెట్టిన కొత్తలో మాలాంటివాళ్లకు చాలా ఇబ్బంది అయింది, రోజుల తరబడి మెసేజ్‌లు ఆగిపోయాయి. అయినా అది రావాల్సిందే. అంతకుముందు ఎవరు ఎవరి పేరుతోనైనా పంపేవాళ్లు. కాబట్టి అమ్మగారికి ఈ ఒక్క మాట చెప్పండి: కరెంటు కట్ చేస్తామనో, ఖాతా ఆగిపోతుందనో పది అంకెల మామూలు నంబరు నుంచి మెసేజ్ వస్తే అది దొంగ మెసేజే. ప్రచారం మెసేజ్‌ల బెడద ఎక్కువైతే 1909కు ఫిర్యాదు చేయొచ్చు.

రెండు దారులు విడివిడిగా ఉన్నాయన్నాను కదా, దొంగలు వాటిని కలిపే చోట్లు ఉన్నాయి. నాకు బాగా టెన్షన్ పుట్టించేది ఇదే. వాట్సాప్‌లో పెళ్లి శుభలేఖ అనో, ప్రభుత్వ పథకం అనో ఒక ఫైలు వస్తుంది. పేరు చివర చుక్క, ఏపీకే అని ఉంటుంది. అది శుభలేఖ కాదు, యాప్. నొక్కి ఇన్‌స్టాల్ చేస్తే, ఎస్సెమ్మెస్‌లు చదవడానికి అనుమతి ఇవ్వమంటుంది. సరే అన్నారంటే, ఇంటర్నెట్ దారిలో లోపలికి వచ్చిన మనిషి నెట్‌వర్క్ దారిలో వచ్చే బ్యాంకు ఓటీపీలను దారిలోనే ఎత్తుకుపోతాడు. శుభలేఖ ఫోటోగానో పీడీఎఫ్‌గానో వస్తుంది తప్ప ఏపీకేగా రాదు. రెండో చోటు వాట్సాప్ ఖాతా. దాన్ని కొత్త ఫోన్‌లో తెరవాలంటే ఆరంకెల కోడ్ కావాలి, అది చాలాసార్లు ఎస్సెమ్మెస్‌గానే వస్తుంది. పొరపాటున మీకు కోడ్ వచ్చింది, చెప్పండి అని తెలిసినవాళ్ల పేరుతో అడిగినా ఇవ్వకూడదు. ఇస్తే ఖాతా వాళ్లదైపోతుంది. మూడోది సిమ్ స్వాప్. మీ నంబరు ఫోన్‌లో ఉండదు, సిమ్‌కు ముడిపడి ఉంటుంది. మీ పేరుతో దొంగ ఇంకో సిమ్ తీసుకుంటే మీ సిమ్ చచ్చిపోతుంది, ఓటీపీలు అటు వెళ్తాయి. చుట్టుపక్కల అందరికీ సిగ్నల్ ఉండి అమ్మగారి ఫోన్‌కు మాత్రమే గంటల తరబడి లేకపోతే, రేపు చూద్దాంలే అనుకోకుండా వెంటనే ఇంకో ఫోన్ నుంచి కంపెనీకి, బ్యాంకుకు చెప్పండి. డబ్బు పోయిందని తెలిసిన మరుక్షణం 1930కి ఫోన్ చేయాలి. ఎంత ముందు చేస్తే, ఆ డబ్బు చేతులు మారకముందే ఆపించే అవకాశం అంత ఎక్కువ.

అమ్మగారి ఫోన్ సంగతి. డేటా రీచార్జ్ చేశాక కూడా వాట్సాప్ తెరిస్తే తప్ప మెసేజ్‌లు రావట్లేదని మీరు చివర్లో రాశారు. కొత్త మెసేజ్ ఉందని ఫోన్‌ను తట్టి చెప్పేది పుష్ నోటిఫికేషన్. బ్యాటరీ ఆదా చేయడానికి కొన్ని ఫోన్లు వాట్సాప్‌ను నిద్రపుచ్చేస్తాయి, అప్పుడు ఆ తట్టడం వినపడదు. సెట్టింగ్స్‌లో యాప్స్‌లోకి వెళ్లి వాట్సాప్ నొక్కి, బ్యాటరీ దగ్గర అడ్డు లేకుండా పెట్టండి. బ్యాక్‌గ్రౌండ్ డేటా, అంటే యాప్ తెరవనప్పుడు కూడా నెట్ వాడుకునే అనుమతి, ఆన్‌లో ఉందో లేదో చూడండి. వాట్సాప్ లోపల ఖాతా సెట్టింగ్స్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టి, ఆ ఆరంకెల పిన్నును అమ్మగారికి గుర్తుండేలా మీరిద్దరూ కలిసి ఎంచుకోండి. ఆ ఖాతా ఇంకా ఎక్కడెక్కడ తెరిచి ఉందో చూపే లింక్డ్ డివైసెస్ తెరిచి తెలియని కంప్యూటర్ ఏదైనా కనిపిస్తే తీసేయండి. ఫోటోలు, వీడియోలు వాటంతటవే దిగే ఆటో డౌన్‌లోడ్‌ను వైఫైకి మాత్రమే పెడితే డేటా నెల మధ్యలో అయిపోవడం చాలావరకు తగ్గుతుంది.

ఈ సెట్టింగ్‌ల పేర్లు ఒక్కో ఫోన్‌లో ఒక్కోలా ఉంటాయి. ఫోన్ మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్ రాస్తే ఏది ఎక్కడ నొక్కాలో వరసగా చెప్తాను. ఓటీపీలు, ఫోన్ నంబరు మాత్రం స్క్రీన్‌షాట్‌లో పడకుండా చూసుకోండి.